యెస్ సర్, రాదు సర్

పోయిన ఫిబ్రవరిలో నాకు ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ జరిగింది. హాస్టల్ రూమ్‌లోనే, వీడియో కాల్‌లో. రూమ్మేట్‌ని బయటికి పంపించి, వెనకాల తాడు మీద ఆరేసిన టవల్ తీసేసి, పైన ఫార్మల్ షర్టు, కింద షార్ట్ వేసుకుని కూర్చున్నాను. అటువైపు ఉన్నాయన బెంగళూరు నుంచి. చాలా కూల్‌గా, ఫ్రెండ్‌తో మాట్లాడినట్టు మాట్లాడుతున్నాడు. నాకు కష్టమైంది అదే. ఫార్మల్‌గా అడిగి ఉంటే నేను కూడా బట్టీ కొట్టింది అప్పజెప్పేవాణ్ణి.

నా రెజ్యూమె చూస్తూ, "సో, యూ హావెంట్ యూజ్డ్ గిట్ విత్ ఎ టీమ్?" అన్నాడు.

"యెస్," అన్నాను.

నా ఉద్దేశం ఏంటంటే, అవునండీ, మీరన్నది కరెక్టే, వాడలేదు అని. సొంత ప్రాజెక్టులకి ఒక్కణ్ణే వాడుకున్నాను గానీ టీమ్‌తో ఎప్పుడూ లేదు. పైగా తల కూడా ఊపాను, మన స్టైల్లో, అటూ ఇటూ.

"ఓ, నైస్," అన్నాడాయన. "వాట్ వజ్ ద వర్స్ట్ మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ యూ హాడ్?"

నాకు ఏమీ అర్థం కాలేదు. టీమ్‌తో వాడలేదన్న మనిషిని ఈ ప్రశ్న ఎందుకు అడుగుతున్నాడు? "సర్, ఐ హావ్ నాట్ వర్క్డ్ ఇన్ ఎ టీమ్" అన్నాను.

"బట్ యూ జస్ట్ సెడ్ యెస్."

"యెస్ సర్."

"యెస్ యూ హావ్, ఆర్ యెస్ యూ హావెంట్?"

"యెస్ సర్, హావెంట్ సర్."

ఆయన నవ్వాడు. కానీ అంతకుముందు నవ్విన నవ్వు కాదు అది. రాని పనిని వచ్చని చెప్పి, తర్వాతి ప్రశ్నకి దొరికిపోయిన వాణ్ణి చూసినట్టు చూశాడు. ఇంకో పదిహేను నిమిషాలు మాట్లాడాడు గానీ, నేను చెప్పే ప్రతిదాన్నీ రెండోసారి అడిగి కన్ఫర్మ్ చేసుకున్నాడు. రెండు రోజుల తర్వాత మెయిల్ వచ్చింది. రెండే లైన్లు.

ఆ ఒక్క యెస్ వల్లే పోయిందని నేను అనను. తలుపు బయట నిలబడి మొత్తం విన్న మా రూమ్మేట్ లెక్క ప్రకారం, లింక్డ్ లిస్ట్‌ని రివర్స్ చేయమన్నప్పుడే నేను పోయాను. కావచ్చు. కానీ లింక్డ్ లిస్ట్ రాకపోవడం వేరు, అబద్ధాలకోరులా కనిపించడం వేరు. నేను నిజమే చెప్పాను కదా. నిజం చెప్పి అబద్ధాలకోరునయ్యాను. రాత్రి పడుకుంటే అదే గుర్తొచ్చేది.

అప్పటి నుంచి నాకు ఈ పిచ్చి పట్టుకుంది. ఇంగ్లీషులో ఎదుటివాడి మాటకి అవును అనాలంటే అసలు ఏమనాలి? ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం చదివి, ఇప్పుడు సీఎస్ఈ సెకండియర్లో ఉన్నవాడికి ఇదొక డౌటా అని మీరు నవ్వొచ్చు. నేనూ నవ్వుకున్నాను. కానీ మీరు లాస్ట్ టైం ఒక ఇంగ్లీషు ప్రశ్నకి యెస్ అన్నప్పుడు అందులో నాట్ ఉందో లేదో చూసుకున్నారా?

ముందు మన వైపు చూద్దాం. మాది ధరూర్, జోగులాంబ గద్వాల జిల్లా. గద్వాల బస్టాండ్‌లో నిలబడి ఉన్న బస్సు చూపించి "ఇది ధరూర్ పోదా?" అని అడిగితే, కండక్టర్ "ఆఁ, పోదు" అంటాడు. పోయేదైతే "లేదు, పోతది, ఎక్కు" అంటాడు. ఇందులో మనకి ఎక్కడా తికమక లేదు. మన ఆఁ ఒక కంపారిజన్ ఆపరేటర్ లాంటిది. నువ్వన్న మాట, ఉన్న నిజం, రెండూ సమానమా అని చూసి ట్రూ అంటుంది. ఇంగ్లీషు యెస్ అలా చూడదు. నువ్వేమన్నావో దానికి అనవసరం. నేను చెప్పబోయే వాక్యంలో నాట్ ఉంటే నో, లేకపోతే యెస్. అంతే. జపాన్ వాళ్ళు కూడా మనలాగే మాట్లాడతారట. కాబట్టి ఇది మన తెలివితక్కువతనం ఏమీ కాదు, రెండు భాషల లాజిక్ వేరు.

ఇంకా బాగున్న సంగతి ఏంటంటే, ఇంగ్లీషు వాళ్ళకి కూడా ఒకప్పుడు ఈ ఇబ్బంది తెలుసు. వాళ్ళ దగ్గర రెండు కాదు, నాలుగు మాటలుండేవి. యే, నే, యెస్, నో. మామూలుగా అడిగితే యే, నే. "రాలేదా?", "కాదా?" అని అడిగితే యెస్, నో. అంటే యెస్ పుట్టిందే "లేదా?" అన్నవాడికి "ఉంది" అని ఎదురు చెప్పడానికి. 1530లలో థామస్ మోర్ అనే పెద్దమనిషి, బైబిల్‌ని ఇంగ్లీషులోకి తెచ్చిన విలియం టిండేల్‌ని పట్టుకుని, నే అనాల్సిన చోట నో అన్నావని పుస్తకంలో తిట్టిపోశాడు. తర్వాత ఆ తేడా చెరిగిపోయి, మామూలు మాటల్లో రెండే మిగిలాయి. ఫ్రెంచ్ వాళ్ళు సి అనీ, జర్మన్లు డోఖ్ అనీ అలా ఎదురు చెప్పే మాటని ఇప్పటికీ దాచుకున్నారు. ఇంగ్లీషు వాళ్ళు పారేసుకున్నారు. వాళ్ళు పారేసుకుంటే నా ఇంటర్న్‌షిప్ పోయింది, ఏం న్యాయమో.

ఇది చదివాక నాకు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. జూరాల ప్రాజెక్టు మా ధరూర్ మండలంలోనే, రేవులపల్లి దగ్గర. వానాకాలం కృష్ణకి వరదొచ్చి గేట్లు ఎత్తితే ఎక్కడెక్కడి నుంచో కార్లలో చూడ్డానికి వస్తారు, పనిలో పనిగా చేపలు తిని పోతారు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక కారు ఆగి, లోపల్నుంచి ఒకామె "ద గేట్స్ ఆరెంట్ ఓపెన్ టుడే?" అని అడిగింది. ఇంగ్లీషులో అడిగారని సంతోషంతో, గట్టిగా "యెస్ మేడమ్!" అన్నాను. కారు రయ్యిమని డ్యామ్ వైపు పోయింది. అరగంటకి అదే కారు తిరిగొచ్చింది. నేనింకా అక్కడే ఉన్నాను. ఆమె నన్ను చూసిన చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఐదేళ్ళ తర్వాత, ఒక ఇంటర్వ్యూ పోగొట్టుకున్నాక అర్థమైంది. ఆ రోజు గేట్లు మూసే ఉన్నాయి.

మరి పన్నెండేళ్ళ ఇంగ్లీష్ మీడియంలో ఈ తప్పు ఎవరూ ఎందుకు పట్టుకోలేదు? నేను గద్వాలలో ఒక ప్రైవేట్ స్కూల్‌కి వ్యాన్‌లో పోయేవాణ్ణి. అక్కడ తెలుగు మాట్లాడితే మాటకి రూపాయి ఫైన్. క్లాస్ లీడర్ దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది, అందులో నా పేరు చాలాసార్లు ఉంది. టీచర్ "అండర్‌స్టుడ్?" అంటే "యెస్ టీచర్", "ఎనీ డౌట్స్?" అంటే "నో టీచర్". అరవై మందిమి ఒకే రాగంలో అనేవాళ్ళం. యెస్ అన్నది మాకు మాట కాదు, రాగం. "యూ డిడ్‌న్ట్ బ్రింగ్ యువర్ హోమ్‌వర్క్?" అని అడిగితే "యెస్ టీచర్" అని లేచి నిలబడి చెయ్యి చాచేవాళ్ళం. టీచర్ కూడా దెబ్బ వేసేది. అంటే మేమన్నది మేమనుకున్నట్టే ఆమెకి అర్థమైంది, ఎందుకంటే ఆమెదీ మా ఊరి వైపే. స్కూల్ మొత్తం ఇంగ్లీషు మాటలతో తెలుగే మాట్లాడుకుంటోంది. ఫైన్ మాత్రం మిగతా తెలుగుకి వేశారు.

సరే, ఇంటర్వ్యూ తర్వాత నేను చేసిన మొదటి పని, ఫోన్ నోట్స్‌లో ఒక లిస్ట్ రాసుకోవడం. అవునుకి ఇంగ్లీషు మాటలు. సిరీస్‌లు చూస్తూ, మా ప్రాజెక్ట్ టీమ్‌లో ఉన్న నలుగురు మాట్లాడేది వింటూ రాశాను. ఆ నలుగుర్లో ఒకడు దుబాయ్‌లో పెరిగిన మన తెలుగబ్బాయే. ఇంగ్లీషు వాడికి నీళ్ళు. నేను మ్యాగీ చేసుకుందామా అన్నదానికి కూడా "ఐ కంప్లీట్లీ అగ్రీ విత్ యువర్ పాయింట్" అంటానని, నువ్వు మనిషివా, గ్రూప్ డిస్కషన్‌వా అని ఏడిపించేవాడు. ఇంకోసారి వాడేదో చెప్తే "యెస్, యూ ఆర్ కరెక్ట్" అన్నాను. "నా పేపర్ దిద్దుతున్నావా?" అన్నాడు.

లిస్ట్ ఇరవై మూడు మాటలకి చేరింది. వాడటం మొదలుపెట్టాను. అక్కడే అసలు నవ్వులపాలు.

అబ్సల్యూట్లీ అనే మాట నాకు తెగ నచ్చింది. మెస్‌లో ఎవరో సాంబారు నీళ్ళలా ఉందంటే "అబ్సల్యూట్లీ" అన్నాను. టేబుల్ మొత్తం ఒక్క క్షణం ఆగి నవ్వింది. సాంబారుకి అంత సీన్ లేదు. ఒక సాయంత్రం క్రికెట్‌కి వస్తావా అని దుబాయ్ వాణ్ణి అడిగితే "ఐ యామ్ డౌన్" అన్నాడు. జ్వరమేమో అనుకుని, సరే రెస్ట్ తీసుకో అని వచ్చేశాను. వాడు బ్యాట్ పట్టుకుని వెనకాలే వచ్చాడు. పక్క రూమ్ వాడు "ఐ యామ్ అప్ ఫర్ ఇట్" అన్నాడు. డౌన్ అన్నా వస్తానే, అప్ అన్నా వస్తానే. ఇంకోసారి, డేటాబేస్ ల్యాబ్ రికార్డ్ రాయలేక చేతులు పడిపోతున్నాయని నేనంటే దుబాయ్ వాడు "టెల్ మీ అబౌట్ ఇట్" అన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. మొత్తం చెప్పాను. ఎన్ని ఎక్స్‌పెరిమెంట్లు మిగిలాయి, ఏ పేజీలో ఏ డయాగ్రామ్. వాడు పాపం ఓపిగ్గా విన్నాడు. తర్వాత తెలిసింది, చెప్పమని కాదు దాని అర్థం.

వీటన్నిటికంటే బాధపడింది ఒక ఆఫ్ కోర్స్ గురించి. ఒక మేడమ్ కారిడార్‌లో ఆపి "హావ్ యూ సబ్మిటెడ్ ద అసైన్‌మెంట్?" అని అడిగారు. ముందురోజే ఇచ్చాను. నా లిస్ట్‌లో ఆఫ్ కోర్స్ పక్కన 'గట్టి అవును' అని రాసి ఉంది. "ఆఫ్ కోర్స్ మేడమ్" అన్నాను నవ్వుతూ. ఆమె మొహం మారింది. "ఐ వజ్ ఓన్లీ ఆస్కింగ్" అని వెళ్ళిపోయారు. ఏం తప్పన్నానో వారం దాకా నాకు తట్టలేదు.

తట్టింది ఎక్కడంటే, మా ఊళ్ళో. సెలవులకి ఇంటికి పోయినప్పుడు.

మా వైపుని నడిగడ్డ అంటారు. అటు కృష్ణ, ఇటు తుంగభద్ర, మధ్యలో మేము. గద్వాల నుంచి రైలెక్కితే తర్వాతి పెద్ద ఊరు రాయచూరు, అక్కడ కన్నడ. కన్నడంలో అవునుని హౌదు అంటారు. మా దగ్గర దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ళు హౌ అంటారు. మేము ఔ అంటాం. సంతలో ముగ్గురూ ఒకచోట బేరమాడుతుంటే దూరం నుంచి హౌ, ఔ, హౌద్ అని ఒకే మోత వినిపిస్తుంది. కానీ కొంచెం దగ్గరకెళ్ళి వింటే, నిజానికి ఎవరూ ఎక్కువసార్లు ఔ అనరు.

నేను దిగిన రోజు లెక్కపెట్టాను. అమ్మ "తిన్నవా?" అంటే నేను "తిన్న" అన్నాను. అవును అనలేదు. "బస్సుకే వచ్చినవా?" "బస్సుకే." పక్కింటి పెద్దమ్మ "ఎండలు మండుతున్నయ్ గదా" అంటే అమ్మ "మండుతున్నయ్ వదినా" అంది. అడిగిన మాటనే తిరిగి ఇవ్వడం. ఇది చూడగానే నాకు బల్బు వెలిగింది. "ఇట్స్ సో హాట్ టుడే" అంటే సినిమాల్లో వాళ్ళు "యెస్, ఐ అగ్రీ" అనరు, "ఇట్ ఈజ్" అంటారు. "డిడ్ యూ ఈట్?" అంటే "ఐ డిడ్." అమ్మ చేస్తున్నదే వాళ్ళూ చేస్తున్నారు. స్కూల్ గ్రామర్ పుస్తకంలో షార్ట్ ఆన్సర్స్ అని ఒక ఎక్సర్‌సైజ్ ఉండేది, ఖాళీలు నింపేసి మర్చిపోయాం. అది అమ్మ మాట్లాడే పద్ధతి అని ఎవరైనా చెప్పి ఉంటే మర్చిపోయేవాణ్ణి కాదు. ఇలా క్రియని తిరిగిచ్చేస్తే యెస్, నో గొడవే తగ్గిపోతుంది. "ఐ హావెంట్" అంటే ఏ దేశం వాడికైనా హావెంటే.

ఆ సెలవుల్లోనే నా లిస్ట్‌ని మళ్ళీ రాశాను. ఈసారి ప్రతి మాట పక్కన అవును అని కాకుండా, ఆ సందర్భంలో మా ఇంట్లో ఏమంటారో అది రాశాను. టెల్ మీ అబౌట్ ఇట్ అంటే "నాకు చెప్తున్నవా!" అని. ఆ మాటతో మా చిన్నమ్మ ఎన్నిసార్లు అమ్మ నోరు మూయించిందో. ఎగ్జాక్ట్లీ అంటే "అదే గదా నేనంటున్నది." ఫెయిర్ ఎనఫ్ అంటే "అదీ నిజమే లే", అంటే పూర్తిగా ఒప్పుకోలేదు, కానీ నీ మాటలో న్యాయముంది. ఐ యామ్ డౌన్, నేను రెడీ. ష్యూర్ అంటే "దానికేం". ఆఫ్ కోర్స్ పక్కన రాయబోతూ ఆగిపోయాను. చిన్న విషయం అడిగితే ఆఫ్ కోర్స్ అనడమంటే "ఇయ్యకుంటనా మరి? అది కూడా అడగాల్నా?" అనడం. ఒక మేడమ్‌తో తెలుగులో ఆ మాట నేను చచ్చినా అనను. "ఇచ్చిన మేడమ్" అంటాను. ఇంగ్లీషులో "ఐ హావ్, మేడమ్" అంటే సరిపోయేది.

అన్నీ ఇలా కుదరలేదు. "నేను కూడా" మనకి రెండు వైపులా పనిచేస్తుంది. నాకిష్టం అంటే నాక్కూడా, నాకిష్టం లేదన్నా నాక్కూడా. ఇంగ్లీషులో ఒకదానికి మీ టూ, రెండోదానికి మీ నైదర్. ఇక డూ యూ మైండ్ అని అడిగితే ఒప్పుకోవడానికి నో అనాలి. దీనికి మా ఇంట్లో మాట వెతికితే "నీకేమన్న తక్లీఫా?" అన్నది దొరికింది. "ఏం లేదు, కానియ్" అంటాం కదా, అదే ఆ నో.

మధ్యలో ఒక మాట, ఓకే గురించి. మా అవ్వ కూడా అనే ఒకే ఒక్క ఇంగ్లీషు ఒప్పుకోలు అది. దాని పుట్టుక 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అనే పేపర్లో అచ్చయిన ఒక జోకు. ఆల్ కరెక్ట్ అనే మాటని కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి పొట్టి చేశారు. 1960లలో అలెన్ వాకర్ రీడ్ అనే ఆయన పాత పేపర్లన్నీ వెతికి తేల్చాడు. మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే షార్ట్‌కట్ల లాంటిదే. ఆ ఊరి ఎకసెక్కం మా అవ్వ నోటి దాకా వచ్చింది.

అవ్వ అంటే గుర్తొచ్చింది. హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడు ఆమె మాట్లాడుతుంటే నేను అలవాటుగా "యా... యా..." అంటున్నానట. ఒకరోజు మాట ఆపేసి, "యా యా అంటవేంది రా, నేనేమన్న ఎద్దునా తోలనీకి?" అంది. ఆ రోజు నుంచి ఏమీ అనకుండా విన్నాను. అదింకా తప్పు. నిమిషం కాగానే "ఉన్నవా? పెట్టేసినవా?" అని అరిచింది. చిన్నప్పుడు కథ చెప్పేటప్పుడూ అంతే. ఊఁ కొట్టకపోతే నిద్రపోయాననుకుని కథ ఆపేసేది. కంప్యూటర్ నెట్‌వర్క్స్ చదివిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, ఊఁ అంటే ఏసీకే. ప్యాకెట్ అందింది, తర్వాతిది పంపు. అంతేగానీ ప్యాకెట్లో ఉన్నది నాకు సమ్మతమే అని కాదు. ఇంగ్లీషులోనూ దీనికి మాటలున్నాయి, అహ, మ్‌హ్మ్, రైట్. విక్టర్ యింగ్వే అనే ఆయన 1970లో వీటికి బ్యాక్‌ఛానెల్ అని పేరు పెట్టాడు. మా అవ్వకి ఆ పేరు తెలీదు గానీ, అది లేకపోతే లైన్ తెగినట్టే అని తెలుసు.

అందింది వేరు, సమ్మతం వేరు. ఇది నేను నెట్‌వర్క్స్ పుస్తకంలో చదవకముందే మా ఇంట్లో ఒకసారి చూశాను.

మా దగ్గర సీడ్ పత్తి వేస్తారు. మామూలు పత్తి కాదు, కంపెనీలకి హైబ్రిడ్ విత్తనం తయారుచేసి ఇవ్వడం. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గల్లోంచి కేసరాలు గిల్లేసి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఒక్కో పువ్వుకి చేత్తో రుద్దాలి. క్రాసింగ్ టైంలో ఇంటిల్లిపాదీ చేన్లోనే. చిన్నప్పుడు మా వీధి పిల్లలు కొందరు ఆ రోజుల్లో బడికి కనబడేవాళ్ళు కాదు. రైతుకి, కంపెనీకి మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. పెట్టుబడి అతనే ఇస్తాడు, లెక్క అతనే చేస్తాడు, చాలావరకు నోటి మాటే.

నేను ఇంటర్లో ఉండగా ఒక రాత్రి ఆర్గనైజర్ మా అరుగు మీద కూర్చుని, ఈసారి రేటెంత, అడ్వాన్సు మీద వడ్డీ ఎంత, టెస్టులో విత్తనం ఫెయిలైతే ఏంటి, అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాడు. నాయిన బీడీ తాగుతూ ఊఁ, ఊఁ అంటున్నాడు. నేను పక్కనే ఉన్నాను. సీజన్ అయిపోయాక లెక్క చూస్తే నాయిన అనుకున్నదాంట్లో చాలా తక్కువ వచ్చింది. అడగడానికి పోతే అతను, "ఆ రోజు అన్నీ చెప్పిన గదా, నువ్వు ఊఁ అన్నవు గదా" అన్నాడట. నాయిన ఇంటికొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అమ్మతో "ఊఁ అన్న. సరే అనలే" అన్నాడు. అంతే, అంతకంటే ఏమీ అనలేదు. ఆ ఏడాది ల్యాప్‌టాప్ కొంటానన్న మాట కూడా మళ్ళీ ఎత్తలేదు.

అప్పుడు నాకు నాయిన మీదే కోపం వచ్చింది, గట్టిగా ఎందుకు మాట్లాడలేదని. ఫిబ్రవరి తర్వాత ఆ కోపం పోయింది. నేను యెస్ అన్నది పరాయి భాషలో. ఆయన ఊఁ అన్నది ఆయన పుట్టి పెరిగిన భాషలో, పక్క ఊరి మనిషితో. ఇద్దరికీ ఆ ఊఁకి అర్థం తెలుసు. అప్పు ఇచ్చినవాడు తనకి కావాల్సినట్టు అర్థం చేసుకున్నాడు, అంతే. మాట తెలిసినంత మాత్రాన ఏమైంది? ఇంటర్వ్యూలో కూడా ఆ బెంగళూరాయనకి మన వాళ్ళ యెస్ తెలియకపోదు, ఆఫీసులో రోజూ వింటూనే ఉంటాడు. కానీ అర్థం చేసుకోవాల్సిన అవసరం ఆయనకి లేదు. అవసరం నాది.

ఈ సెలవుల్లో అతను మళ్ళీ వచ్చాడు, కొత్త సీజన్ మాట్లాడ్డానికి. చెల్లె అరుగు మీదే చదువుకుంటోంది. అది ఊళ్ళో సర్కారు బడి. 2022-23 నుంచి అక్కడా ఇంగ్లీష్ మీడియం పెట్టారు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. ఆర్గనైజర్ లెక్కలన్నీ చెప్పి, చివర్లో "తకరారేం లేదు గదా అన్నా?" అన్నాడు. చూశారా, మళ్ళీ ఆ లేదు గదా. నాయిన ఊఁ అనబోయి ఆగాడు. చెల్లె చేతిలోంచి నోట్‌బుక్ తీసుకుని అతని ముందు పెట్టాడు.

"లేదని నేననలే. రేటు రాయి. రాసినాంక చూసి, సరే అంటనో లేదో చెప్త."

అతను కాసేపు నవ్వాడు, కాసేపు నమ్మకం లేదా అని అలిగాడు. చివరికి రేటు ఒక్కటి రాశాడు. వడ్డీ రాయలేదు. సగం గెలిచినట్టే అనుకున్నాం.

జూన్‌లో నాకు ఇంకో కాల్ వచ్చింది, ఒక చిన్న స్టార్టప్ నుంచి. ఈసారి మాట్లాడింది ఒకామె. మొదలవగానే "డూ యూ మైండ్ ఇఫ్ ఐ రికార్డ్ దిస్?" అంది. నేను రెండు సెకన్లు ఆగాను. నీకేమన్న తక్లీఫా? ఏం లేదు, కానియ్.

"నో, గో అహెడ్," అన్నాను.

"యూ హావెంట్ డిప్లాయ్డ్ ఎనీథింగ్ యెట్, రైట్?"

"నో, ఐ హావెంట్. ఓన్లీ ఆన్ మై లాప్‌టాప్."

"ఫెయిర్ ఎనఫ్," అంది. అదీ నిజమే లే. లోపల ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

తర్వాత ఆమె వాళ్ళ ప్రోడక్ట్ గురించి చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. నేను శ్రద్ధగా, అవ్వ దగ్గర కథ విన్నట్టు, ప్రతి వాక్యానికీ ఊఁ కొడుతూ విన్నాను. ఉన్నట్టుండి ఆమె ఆగి, స్క్రీన్‌లోకి వంగి చూసింది.

"హలో? ఆర్ యూ స్టిల్ దేర్?"

మైక్ మ్యూట్‌లో ఉంది. ఎప్పుడు నొక్కానో ఏమో. కంగారుగా అన్‌మ్యూట్ చేశాను.

"ఐ యామ్," అన్నాను.